నడుమున వేయు మత్తుసూది

మేమెఱిగిన యొక యింట అక్కచెల్లెండ్రిద్దఱు కలరు. అక్కకు నాలుగేండ్ల క్రిందట శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసిరి. నాటినుండి యామెకు నడుమునొప్పి. బిందె యెత్తినను నొప్పియే, బిడ్డ నెత్తుకొన్నను నొప్పియే. "ఆనాడు నా వెన్నుపాములో సూది పొడిచినారు. ఆ సూదియే నన్నిట్లు చేసినది" అని యామె వచ్చినవారికెల్ల చెప్పును. చెల్లెలికిప్పుడు తొమ్మిదవ నెల. బిడ్డ యడ్డముగా నున్నదనియు, శస్త్రచికిత్స తప్పదనియు వైద్యురాలు చెప్పినది. ఆ పిల్ల "కోయుడు, నేనొద్దనను. కాని నడుములో సూది మాత్రము వేయవలదు. పూర్తిగా నిద్రపుచ్చి కోయుడు" అని పట్టుబట్టి కూర్చున్నది. వారి తల్లి మా యొద్దకు వచ్చి "పెద్దదాని మాట వినవలెనా, డాక్టరమ్మ మాట వినవలెనా? మీరైనను చెప్పుడమ్మా" అని యడిగినది.

ఇది యొక్క యింటి ప్రశ్న కాదు. 2019–21లో జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లెక్కకు వచ్చిన కాన్పులలో తెలంగాణమున నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశమున నూటికి 42 శస్త్రచికిత్సచేతనే జరిగినవి. ఇన్ని కోతలు కావలెనా యన్నది వేఱొక వాదము; దానికి మఱియొక నెల పుటలు కావలెను. ఏమైనను, వీనిలో చాల భాగమున తల్లికి వేయునది యీ నడుము సూదియే. కావున మా పాఠకురాండ్ర యిండ్లలో దీని మాట రాని యిల్లుండదు.

మొదట ఆ పేరును సరిదిద్దవలెను. "వెన్నుపాములో సూది" యని వాడుకగా ననుచున్నాము గాని, ఆ సూది వెన్నుపామును తాకుటకు వేయునది కాదు. వెన్నుపాము ముగిసిపోయిన చోటు చూచి, దానికి దిగువనే వేయుదురు. అది యెట్లో చెప్పెదము.

వెన్నెముక యనునది యొక్క యెముక కాదు. బిందెల క్రింద పెట్టు చుట్టకుదుళ్లను ఒకదానిపై నొకటి దొంతి పెట్టినట్లు వెన్నుపూసలు పేర్చబడి యున్నవి. మెడలో 7, ప్రక్కటెముకలు పుట్టుచోట 12, నడుములో 5. వానికి దిగువ 5 పూసలు కలిసిపోయి త్రికమను నొక్క యెముకగను, తుదను 4 చిన్నపూసలు తోకయెముకగను ఏర్పడినవి. చుట్టకుదుళ్లను దొంతి పెట్టినప్పుడు నడుమ గొట్టమువంటి సందు ఏర్పడును గదా. ఈ పూసల వెనుక భాగమునను అట్టి సొరంగమే కలదు. ప్రతి పూసకును వెనుకకు పొడుచుకొని వచ్చిన కొమ్మొకటి యుండును. పిల్లవాని వీపు నిమురునప్పుడు గణుపులు గణుపులుగా చేతికి తగులునవి యా కొమ్ములే.

మెదడునుండి ఆ సొరంగములోనికి దిగివచ్చు మెత్తని నరముల కట్టయే వెన్నుపాము. పురుషులలో దాని పొడవు ఇంచుమించు మూరెడు. స్త్రీలలో మూరకు రెండు వ్రేళ్లు తక్కువ. సొరంగమో, అంతకంటె చాల పొడవు. తల్లి కడుపున మూడవ నెలలో రెండును ఒక్క పొడవే యుండును. ఆపైన ఎముక త్వరగా పెరుగును, పాము వెనుకబడును. బిడ్డ పుట్టునాటికి పాము తుద నడుములోని మూడవ పూసకడ నుండును. పెద్దవారమగునప్పటికి మొదటి రెండు పూసల నడుమనే నిలిచిపోవును. అయితే కాళ్లకును, పొత్తికడుపునకును పోవలసిన నరములు తమ తమ ద్వారములు చేరుటకు దిగువకు పోక తప్పదు గదా! అవి పాము తుదనుండి విడివిడిగా పోగులవలె వ్రేలాడుచు దిగును. వైద్యగ్రంథములు దీనికి గుఱ్ఱపుతోక యని పేరు పెట్టినవి. మేమైతే జడకుచ్చులనియే యందుము. బిగువుగా నల్లిన జడ వెన్నుపాము. అల్లిక ముగిసిన చోట వ్రేలాడు కుచ్చులు ఈ నరములు.

జడను, కుచ్చులను ఒక నీరు చుట్టుకొని యున్నది. మెదడు చుట్టును, వెన్నుపాము చుట్టును కలిపి ఆ నీరు పెద్దవారిలో 150 మిల్లీలీటర్లకు మించదు. ఊటబావివలె నిత్యము ఊరుచు, నిత్యము రక్తములోనికి ఇంకుచుండును. అల్లికలో సూది గ్రుచ్చినచో అది చెడును. నీటిలో తేలు కుచ్చులలోనికి సన్నని సూది పోయినచో పోగులు ప్రక్కకు తొలగును. అందుచేతనే వైద్యులు నడుములోని మూడు నాలుగు పూసల నడుమనో, నాలుగైదు పూసల నడుమనో సూది వేయుదురు. చేతితో తడవి లెక్కించుటలో ఒక పూస తప్పుపోవుట అనుభవజ్ఞులకును కలదు. కొందఱి దేహములలో పాము తుద కొంచెము దిగువకు వచ్చియు నుండును. ఒక పూస తప్పినను కీడు రాకుండవలెననియే అంత దిగువకు పోవుదురు.

ఆ చోటు గుర్తించుట యెట్లనగా: వైద్యుడు రెండు చేతులను మన నడుమునకు ఇరుప్రక్కల నుంచి తుంటియెముకల పైయంచులను తడవును. ఆ రెండంచులను కలిపి వెనుక నొక గీత గీచినట్లు తలచిన, అది నాలుగవ పూస మీదుగనో, దాని క్రింది సందు మీదుగనో పోవును. మనము బిందెను చంకనెత్తునప్పుడు అది యానునట్టి యెముకయే ఇది, వెదకనక్కఱలేదు.

అప్పుడు "వంగి కూర్చుండుము, గడ్డము ఱొమ్మునకు ఆనించుము, వీపు వెనుకకు విల్లువలె వంచుము" అందురు. నిండు చూలాలికి ఇది కష్టమే. కాని అట్లు వంగినప్పుడే పూసల వెనుక కొమ్ములు ఒకదానికొకటి దూరమై సందు తెఱచుకొనును. తలగడనొకదానిని పొట్టకు హత్తుకొనుట, ఎదుట నిలిచిన నర్సు భుజముపై తలవాల్చుట సుళువు. ముందుగా చర్మము మొద్దుబాఱుటకు చిన్నసూది వేసినచో ఒక్క చుఱుకు. ఆ తరువాత తెలియునది ఒత్తిడియే. సూది పోవునప్పుడు ఒక కాలిలో కరెంటు తగిలినట్లు జిల్లుమనిన, "ఈ కాలు" అని నోటితో చెప్పవలెను గాని ఉలికిపడి కదలరాదు. కుచ్చులలో నొకదానికి సూది తగిలినదని వైద్యునకు తెలిసి వెంటనే మార్చును.

చర్మము, దాని క్రింది క్రొవ్వు, పూసలను బంధించు గట్టి పట్టీలు, వానిలో చివరిది పసుపుపచ్చని పట్టీ, దాని వెనుక ఒక సన్నని సందు, ఆ పిమ్మట రెండు పొరలు — ఇవన్నియు దాటినపుడు సూది వెనుకనుండి కన్నీరువంటి తేట నీటిబొట్టు వచ్చును. అదియే గుఱుతు. (పొరలకు వెలుపలి ఆ సన్నని సందులో మెత్తని గొట్టము నుంచి పురిటినొప్పులు తగ్గించుటకు మందు పంపు పద్ధతిని ఎపిడ్యూరల్ అందురు. ఇది దానికి అక్కచెల్లెలు వంటిది, కాని వేఱు.) ఇక లోనికి పంపు మందెంత? రెండు మిల్లీలీటర్లకు అటునిటు. పిల్లలకు మందుపోయు చిన్నచెంచాలో సగమైనను కాదు. నేడు తఱచు వాడు బుపివకెయిన్ అను మందు 1957లో స్వీడనులో కనుగొనబడినది. దానిలో కొంచెము గ్లూకోజు కలుపుదురు. ఎందులకందురా? నీళ్లలో పానకము పోసిన అడుగునకు దిగును గదా! అట్లే చక్కెర కలిసిన మందు వెన్నులోని నీటికంటె బరువై పల్లమునకు దిగును. బల్లపై వెల్లకిల పరుండబెట్టగానే నడుము వంపు మిట్ట యగును, వీపు మధ్యభాగము పల్లమగును. మందు అటు ప్రాకి ఱొమ్ముదాక మొద్దుబఱచును. కోత పొత్తికడుపుననే యైనను, లోని పొరలకు, గర్భాశయమునకు సంబంధించిన తెలివి పైనున్న నరములగుండ పోవును గనుక మత్తు అంత యెత్తునకు పోవలసినదే. సూది వేసినవెంటనే బల్లను తలవైపునకో కాళ్లవైపునకో కొంచెము వంచుట ఈ ప్రవాహమును దిద్దుటకే.

లోపల జరుగునది ముందే తెలిసినచో గుండె దడ సగము తగ్గును. మొదట పాదములు వెచ్చనగును. అచటి రక్తనాళములు విప్పారుటయే కారణము. పిమ్మట చలువ తెలియదు, నొప్పి తెలియదు, చివరకు కాళ్లు కదలవు. చల్లని వస్తువు తాకించి "తెలియుచున్నదా?" యని యడుగుదురు. నిజము చెప్పుడు. పరీక్ష మీకు కాదు, మందునకు. కోత మొదలైన పిమ్మట నొప్పి యుండరాదు. కాని లాగినట్లు, నొక్కినట్లు, ఎవరో సంచిలో చేయి పెట్టి వెదకుచున్నట్లు తెలియును. అది తప్పు కాదు. నొప్పియే తెలిసినచో దాచక చెప్పవలెను. ఱొమ్ము మొద్దుబాఱుటచే "ఊపిరి ఆడుటలేదు" అనిపించును. ఊపిరినాడించు పెద్ద కండరమునకు పోవు నరములు మెడనుండి పుట్టునవి గనుక అది పనిచేయుచునే యుండును. చేతివ్రేళ్లు తిమ్మిరెక్కినను, మాట బలహీనమైనను మాత్రము వెంటనే చెప్పవలెను. కాళ్ల రక్తనాళములు విప్పారినందున రక్తపుపోటు పడిపోయి కడుపు త్రిప్పును, కండ్లు మసకలు క్రమ్మును. ఇది చాలమందికి జరుగునదే. దానికి మందు సిద్ధముగా నుండును. నిండుగర్భము వెన్ను ప్రక్కనున్న పెద్ద సిరను అదుముకుండ శరీరమును కొంచెము ఎడమవైపునకు ఒరిగించుటయు ఇందులకే. వణకు వచ్చుట కూడ కలదు. అది జ్వరము కాదు.

ఈ విద్య పుట్టిన కథ విన్నచో సూదివలన నిజముగా వచ్చు ఇబ్బంది యేదో తెలియును. జర్మనీలోని కీల్ నగరమున ఆగస్టు బీర్ అను శస్త్రవైద్యుడు 1898 ఆగస్టు 16వ తేదీన మొదటిసారి ఒక కూలివాని వెన్నులోనికి కొకెయిన్ మందును పంపి కాలికి చికిత్స చేసెను. పని బాగుగనే జరిగినది గాని, రోగులకు తరువాత తలనొప్పులు, వాంతులు. కారణము తెలియవలెనన్న తనమీదనే చూచుకొనవలెనని, ఆ నెల 24వ తేదీన తన సహాయకుడైన హిల్డెబ్రాంటు చేత సూది వేయించుకొనెను. (ఇతని పేరును ఆగస్టే. నెలయు ఆగస్టే!) సూదికి పిచికారి సరిగా అతుకలేదు, మందు పోలేదు, వెన్నునీరు మాత్రము చాల కాఱిపోయినది. అప్పుడు హిల్డెబ్రాంటు "నాకు వేయుడు" అని కూర్చుండెను. ఈసారి మందు పనిచేసినది. అతని కాళ్లను చుట్టతో కాల్చిరి, మోకాలి దిగువ యెముకపై ఇనుప సుత్తితో కొట్టిరి, అతనికేమియు తెలియలేదు. ముప్పావుగంటకు తెలివి తిరిగి వచ్చిన పిమ్మట ఇద్దఱును విందు కుడిచి, ద్రాక్షసారా త్రాగి, చుట్టలు కాల్చిరి. మఱునాడు చూడవలెను! హిల్డెబ్రాంటునకు కమిలిన కాళ్లు, తలనొప్పి, వాంతులు. బీరునకు లేచి నిలిచిన తలనొప్పి, పరుండిన మాయము. తొమ్మిది దినములకు గాని అది వదలలేదు.

ఆ తలనొప్పియే ఈ సూదియొక్క అసలు కీడు. పొరకు పడిన రంధ్రమునుండి నీరు కాఱును. ఆ నీటిలో తేలుచున్న మెదడునకు ఆధారము తగ్గును. కూర్చుండగనే తల పగులును, పరుండగనే తేఱును. నాటి లావుసూదులకు ఇది తఱచు వచ్చెడిది. 1951లో పెన్సిలు ములుకు వంటి కొన గల సూది వచ్చినది. అది పొర పోగులను కోయక ఎడముచేసికొని లోనికి పోవును. తీయగనే పోగులు తిరిగి కలియును. నేడు వెండ్రుకవలె సన్నని అట్టి సూదులు వాడినచోట ఈ తలనొప్పి నూటికి ఒక్కరికంటె తక్కువ మందికే వచ్చుచున్నది. వచ్చినను చాలమందికి కొలదిదినములలో, మందుబిళ్లలతో తగ్గును. తగ్గనిచో బాలెంత చేతినుండి తీసిన కొంచెము రక్తమునే, సూది వేసిన చోట పొరకు వెలుపల విడుతురు. అది గడ్డకట్టి రంధ్రమును పూడ్చును. 1960నుండి ఈ పద్ధతి కలదు. ఒక్కమాట: ఇరువదినాలుగు గంటలు తలగడ లేకుండ బల్లపఱుపుగా పరుండబెట్టిన తలనొప్పి రాదని పెద్దవారి నమ్మకము, కొన్ని ఆసుపత్రులలో నియమము కూడ. పరిశోధకులు పోల్చిచూచిరి, దానివలన తలనొప్పి తప్పినట్లు కనబడలేదు. బాలెంతను, బిడ్డకు పాలిచ్చుటకైనను కదలనీక కట్టివేసినట్లుంచుట అనవసర శిక్ష.

ఇక అక్కగారి నడుమునొప్పి. సూది గ్రుచ్చినచోట కొన్ని దినములు సలుపుండుట నిజమే. నెలలు, ఏండ్లు నిలుచు నొప్పికి మాత్రము సూది కారణమని పరిశీలనలలో తేలలేదు. సూది యెఱుగక సహజముగా కన్న తల్లులలోను నడుమునొప్పి చాలమందికి కలదు. గర్భిణికి కీళ్ల బంధములు సడలును; పొట్ట ముందుకు లాగగా నడుము లోనికి వంగును; పొట్ట కండరములు సాగి బలము తప్పును. ఆపైన రాత్రింబవళ్లు ముందుకు క్రుంగి పాలిచ్చుట, ఎదుగుచున్న బిడ్డను ఒక తుంటిపైననే మోయుట. మేము పెద్దమ్మాయిని "కాన్పు తరువాత నడుమునకు, పొట్టకు వ్యాయామమేమైన చేసితివా?" యని యడిగితిమి. "కోసిన కడుపుతో వ్యాయామమా!" యని యాశ్చర్యపడినది. ఎవ్వరును ఆమెకు చెప్పలేదు. సూదిపై నేరము మోపి నాలుగేండ్లు ఊరకుండుటచే ఆమెకు జరిగిన నష్టమిదియే. నొప్పికి అసలు మందు ఎవరును వెదకలేదు.

సూదివలన ఘోరాపాయము ఎన్నడును రాదని మేము చెప్పము. 1947లో ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డు పట్టణమున ఒక్క దినముననే ఈ సూది వేయించుకొన్న పురుషులిద్దఱికి నడుము దిగువ చచ్చుపడినది. మందుగొట్టముల కంటికానని పగుళ్లగుండ వాని నుంచిన ద్రావకము లోనికి దిగినదని న్యాయస్థానము తీర్మానించినది; పనిముట్లను మరగించు పాత్రను శుభ్రపఱచిన ఆమ్లము మిగిలియుండుటయే కారణమని తరువాతి వైద్యులు తలచిరి. ఆ భయముచే బ్రిటనులో ఈ పద్ధతి చాలకాలము వెనుకబడినది. సూదిని, పిచికారిని ఒక్కసారి వాడి పాఱవేయు నేటి కాలమున ఆ విధమైన కీడునకు చోటు తగ్గినది. ఆ దేశముననే 2009లో వెలువడిన లెక్క ప్రకారము, వెన్నులో మత్తు పొందిన ఏడు లక్షలకు పైబడిన సందర్భములను విచారింపగా, శాశ్వతముగా హాని జరిగినది లక్షకు 2 నుండి 4 మందికి. కాన్పు స్త్రీలలో నింకను తక్కువ. అయినను మత్తు దిగవలసిన సమయము దాటియు కాళ్లు బలహీనముగానే యున్నను, మూత్రము తెలియకపోయినను, వీపున తీవ్రమగు నొప్పితో జ్వరము వచ్చినను ఒక్క పూటయు ఆగరాదు.

చిన్నమ్మాయి కోరిన "పూర్తి నిద్ర" అంతకంటె క్షేమమా? నిండు చూలాలికి కాదు. గర్భిణి కడుపులోని ఆహారము ఆలస్యముగా దిగును, పైకి త్వరగా ఎగదన్నును. తెలివి లేనప్పుడు అది ఊపిరితిత్తులలోనికి పోయిన ప్రాణాపాయమని మెండెల్సన్ అను వైద్యుడు 1946లోనే వివరించెను. గొంతు లోపలి వాపుచే గాలిగొట్టము వేయుటయు కష్టమగును. మత్తు బిడ్డకును కొంత చేరును. అయితే కొందఱికి పూర్తి నిద్రయే తగినది: రక్తము గడ్డకట్టు గుణము తగ్గినవారికి, రక్తమును పలుచన చేయు మందులు వాడుచున్నవారికి, సూది వేయు చోట పుండున్నవారికి, మిక్కిలి రక్తము పోయినవారికి. కాబట్టి మత్తు వైద్యుడు అడిగినపుడు ఏ బిళ్లలు మ్రింగుచున్నదియు, ఎప్పుడేమి తిన్నదియు అత్తగారు ఎదుట నున్నారని దాచక చెప్పవలెను.

మేమీ సంగతులన్నియు ఆ యింట చెప్పి వచ్చితిమి. చెల్లెలు మత్తు వైద్యునితో తానే మాటాడి, సూది వేయించుకొనుట కొప్పుకొన్నది. ఆడపిల్ల పుట్టినది. రెండవనాడు కూర్చున్నప్పుడు తల పగులుచున్నదని నర్సుతో నాడే చెప్పినదట. అయిదారు దినములలో తగ్గినది. అక్క ఇప్పుడు వైద్యురాలు చూపిన వ్యాయామములు చేయుచున్నది. నొప్పి పోలేదు గాని బిందె యెత్తగలుగుచున్నది. మొన్న చెల్లెలు మాకు వ్రాసిన జాబులో బిడ్డ ముచ్చట్ల నడుమ ఒక వాక్యము కలదు: "మీరు చెప్పినట్లే పాదములు వెచ్చనైనవి, అప్పుడే నాకు ధైర్యము వచ్చినది."